పుస్తకం గురించి మాట్లాడదామని వెళ్తే అందరూ నా కాళ్ళ గురించే అడుగుతున్నారు

ప్రశ్న:

అక్కా, నాకు 38 ఏళ్ళు. పదకొండేళ్ళ కింద యాక్సిడెంట్‌లో వెన్నుపూస దెబ్బతిని నడుము కింద కదలిక పోయింది, వీల్‌చైర్ వాడతాను. మొదటి నాలుగేళ్ళు గదిలోంచి బయటికి రాలేదు, తర్వాత మెల్లమెల్లగా తిరగడం మొదలుపెట్టి ఇప్పుడు ఒంటరిగా కూడా వెళ్ళొస్తున్నా. ఆ ప్రయాణాలన్నీ రాసి పోయినేడాది సొంత డబ్బుతో 500 కాపీలు వేయించుకున్నా. పబ్లిషర్ లేడు కాబట్టి నేనే లైబ్రరీలకీ కాలేజీలకీ క్లబ్బులకీ ఫోన్ చేసి మాట్లాడే అవకాశం అడుగుతున్నా. ఇప్పటికి తొమ్మిది చోట్ల మాట్లాడా. యాక్సిడెంటు, ఆసుపత్రి, గదిలో గడిపిన నాలుగేళ్ళు, మొదటిసారి గడప దాటడం, ఇవే చెప్తా. మైకు చేతిలో ఉంటే ఒంటి బరువు మార్చుకోవడం కూడా మర్చిపోతా, ఒక ప్రోగ్రాం తర్వాత వారం రోజులు పడుకోవాల్సొచ్చింది. పుస్తకాలమ్మేదీ, చిల్లరిచ్చేదీ, సంతకం పెట్టేదీ అన్నీ నేనే. అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, చప్పట్లు కొడతారు, సెల్ఫీలు దిగుతారు, పుస్తకం మాత్రం మూడో నాలుగో పోతుంది, మిగతావన్నీ బంధువులకీ ఫ్రెండ్స్‌కీ పంచినవే. ఒకచోటయితే అందరి ముందూ ఒకాయన మైకు తీసుకుని మీరు బాత్రూమ్‌కి ఎలా వెళ్తారు అని అడిగాడు, నాకు నోట మాట రాలేదు. ఇంకా 340 కాపీలు మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. మా అన్నయ్యేమో ఇంక చాల్లే, ఒళ్ళు హూనం చేసుకోకు, ఆన్‌లైన్‌లో పెట్టి ఊరుకో అంటున్నాడు. వచ్చే నెల ఇంకొకళ్ళు పిలిచారు, హాలు పై అంతస్తులో, లిఫ్ట్ లేదు, మా కుర్రాళ్ళు మోసుకొస్తారు మీరేం కంగారు పడకండి అంటున్నారు. వెళ్ళనా, మాననా? ఒక చాప్టర్ కూడా పంపుతున్నా, వీలుంటే చదవండి.

సమాధానం:

నేను ముందు చాప్టరే చదివా, ఉత్తరం తర్వాత చదివా, అలా చదవడమే మంచిదయింది. స్టేషన్‌లో లిఫ్ట్ పాడయి రెండో ప్లాట్‌ఫామ్ మీద రాత్రంతా ఇరుక్కుపోయారు కదా, అక్కడ తెల్లవారుజామున ఊడ్చే ఆవిడ చీపురు కర్రకి పాత సైకిల్ ట్యూబు చుట్టుకుని పట్టుకుందని రాశారు చూడండి, అరచెయ్యి కందకుండా, ఆ ట్యూబు కూడా ఒకచోట అరిగిపోయి లోపల కర్ర కనబడుతోందని, అక్కడ చదవడం ఆపి కాసేపు అలా కూర్చుండిపోయా. నేను ఎన్ని స్టేషన్లలో ఎన్నిసార్లు దిగుంటానో, ఊడ్చేవాళ్ళ చేతుల వంక ఒక్కసారి కూడా చూడలేదు. మీ కళ్ళు సరిగ్గా ఆవిడ చేతుల ఎత్తులో ఉన్నాయి కాబట్టి మీకు కనబడింది. మీ పుస్తకంలో ఉన్న సొత్తు అది, నిలబడి తిరిగే మాలాంటి వాళ్ళ దగ్గర అది లేదు.

ఇక ఉత్తరం చదివితే, ఆ తొమ్మిది చోట్లా మీరు ఏం మాట్లాడారో రాశారు కదా, యాక్సిడెంటు, ఆసుపత్రి, నాలుగేళ్ళ గది, మొదటిసారి గడప దాటడం, ఇంతే ఉంది. చీపురు కర్ర లేదు. అసలు ప్లాట్‌ఫామే లేదు. వినేవాళ్ళకి ఒక కథ మొదలయింది, మధ్యలో ఏడుపొచ్చింది, చివర్లో గెలుపొచ్చింది, కథ అక్కడే పూర్తయిపోయింది, ఇంక పుస్తకం కొని చదవడానికి ఏం మిగిలింది? మిమ్మల్ని మెచ్చుకుని ఇంటికెళ్ళిపోయారు, వాళ్ళ తప్పేం లేదు. మీ తప్పు కూడా అనను, ఎందుకంటే మిమ్మల్ని పిలిచినవాళ్ళు అదే మాట్లాడమని పిలిచారు.

ఇది మీ ఒక్కరికే జరుగుతున్నది కాదండీ. స్టెల్లా యంగ్ అని ఆస్ట్రేలియా జర్నలిస్టు, కమెడియన్, ఆవిడ కూడా వీల్‌చైర్‌లోనే ఉండేది, 2014లో సిడ్నీలో చేసిన ఒక ప్రసంగంలో తన అనుభవం చెప్పింది. ఒక స్కూల్లో పదకొండో తరగతి పిల్లలకి లా పాఠం చెప్తోందట, ఇరవై నిమిషాలయ్యాక ఒక కుర్రాడు చెయ్యెత్తి మిస్, మీ స్పీచ్ ఎప్పుడు మొదలుపెడతారు అని అడిగాడట. ఏం స్పీచ్ అంటే, వీల్‌చైర్‌లో వచ్చేవాళ్ళు స్ఫూర్తినిచ్చే మాటలు చెప్తారు కదా, అది. టీచర్‌గా వచ్చిన మనిషిని టీచర్‌గా చూడటం ఆ పిల్లాడికి తెలీదు, అలాంటి మనిషిని ఎప్పుడూ చూసి ఉండడు కాబట్టి. మీ దగ్గరికొచ్చే జనం కూడా అంతే, వీల్‌చైర్‌లో ఉన్న యాత్రికురాలిని, రచయిత్రిని వాళ్ళు ఇప్పుడే మొదటిసారి చూస్తున్నారు, కాబట్టి ఎలా వినాలో మీరే చూపించాలి, అది మీరు మైకు పట్టుకోవడానికి చాలా ముందే మొదలవ్వాలి.

మొదట పరిచయం. మిమ్మల్ని పరిచయం చేసే పెద్దమనిషి చేతికి మీరే నాలుగు లైన్లు రాసి ఇవ్వండి, ఇదే చదవండి సార్ అని గట్టిగా చెప్పండి. లేకపోతే ఆయన తప్పకుండా చక్రాల కుర్చీకే పరిమితమై కూడా అని, విధిని ఎదిరించి అని మొదలుపెడతాడు, ఆ రెండు ముక్కలతో హాలు హాలంతా జాలి మూడ్‌లోకి వెళ్ళిపోతుంది, ఆ తర్వాత మీరు ఎంత మంచి విషయం చెప్పినా ఆ మూడ్‌లోనే వింటారు. అయినా ఆ కుర్చీకి మీరు పరిమితం అవడం ఏంటి, అది ఉండబట్టే కదా ఇన్ని ఊళ్ళు తిరిగారు. వికలాంగురాలు అనాలా దివ్యాంగురాలు అనాలా అసలేమీ అనకూడదా అన్నది కూడా మీ ఇష్టమే, మీకు నచ్చిన మాటే ఆ కాగితంలో ఉండాలి. పుస్తకం పేరు మొదటి లైన్లో ఒకసారి, చివరి లైన్లో ఒకసారి.

తర్వాత మాట్లాడే విషయం. నా జీవితం, నా ప్రయాణం, ఈ టైటిళ్ళు వద్దు. ఒక్క చాప్టర్ పట్టుకోండి, ఒక్క రాత్రి, ఒక్క ప్లాట్‌ఫామ్. యాక్సిడెంటు గురించి ఒకటే వాక్యం చెప్పి దాటేయండి, తెలుసుకోవాలనుకున్నవాళ్ళు పుస్తకంలో చదువుకుంటారు. నలభై నిమిషాలిస్తే పాతిక నిమిషాలు మాట్లాడి, మధ్యలో ఒకటిన్నర పేజీ చదివించండి. చదివించండి అని ఎందుకన్నానంటే, నడుము కింద స్పర్శ లేనివాళ్ళు ప్రతి 15 నుంచి 30 నిమిషాలకోసారి ఒంటి బరువు మార్చుకోవాలి కదా, లేకపోతే పుండ్లు పడతాయి, ఇది నాకంటే మీకే బాగా తెలుసు, కానీ మైకు చేతిలో ఉన్నప్పుడు మర్చిపోతారని మీ ఉత్తరంలోనే ఉంది, ఒక ప్రోగ్రాం తర్వాత వారం రోజులు పడుకోవాల్సొచ్చిందని రాశారు. అందుకని సరిగ్గా పదిహేనో నిమిషం దగ్గర ముందు వరసలో ఎవరైనా గొంతు బాగున్న అమ్మాయిని పిలిచి పుస్తకం చేతిలో పెట్టండి, ఆ అమ్మాయి చదువుతున్నంతసేపూ మీరు ముందుకి వంగి మోకాళ్ళ మీద చేతులానించి వినండి, చూసేవాళ్ళకి శ్రద్ధగా వింటున్నట్టే ఉంటుంది, మీ ఒంటికి కావలసింది జరిగిపోతుంది. ఇంకోటి, మీ వాక్యాలు వేరే గొంతులో వింటే అప్పుడు అది పుస్తకంలాగా వినబడుతుంది. చదవడం కూడా ఆ ఊడ్చే ఆవిడ మీ వైపు తిరిగి ఏదో అడగబోయే చోట ఆపించండి, ఏం అడిగిందో చెప్పకండి.

ఇప్పుడు హాలు సంగతి. ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. నేను పన్నెండేళ్ళు ఒక లైబ్రరీ హాల్లో ప్రోగ్రాములు చూసుకున్నా. మీలాగే వీల్‌చైర్‌లో తిరిగే ఒకాయన్ని ప్రసంగానికి పిలిచాం, హాలుకి ర్యాంపు ఉందా అమ్మా అని ఫోన్‌లో అడిగితే ఉందండి అన్నా. ఉంది, గేటు దగ్గర. లోపల స్టేజీకి మూడు మెట్లున్నాయి, అవి నాకు అసలు గుర్తే రాలేదు, రోజూ ఎక్కి దిగే మెట్లు మెట్లలాగా కనబడవు కదా. నలుగురు కుర్రాళ్ళు కుర్చీని ఎత్తారు, ఒకడు పట్టుకోకూడని చోట పట్టుకున్నాడు, ఫుట్‌రెస్ట్ ఊడి చేతికొచ్చింది, కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. ఆయన రెండు చేతులతో చక్రాలు బిగించి పట్టుకుని ఎవరివైపూ చూడకుండా ఎదురుగా గోడ వంకే చూశారు, వేళ్ళ కణుపులు తెల్లబడిపోయాయి. మొదటి పది నిమిషాలు ఆయన గొంతు పెగల్లేదు. అయిపోయాక నాతో ఒకటే మాట అన్నారు, మెట్లు మూడున్నాయని చెప్పి ఉంటే నేను కిందే కూర్చుని మాట్లాడేవాణ్ణి కదమ్మా అని. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

అందుకని ర్యాంపు ఉందా అని అడగకండి, అందరూ ఉందనే అంటారు, అబద్ధం చెప్పాలని కాదు, తెలీక. రోడ్డు మీద నుంచి మీరు మాట్లాడే చోటు దాకా, అక్కడి నుంచి టాయిలెట్ దాకా, ఫోన్‌తో నడుస్తూ ఒక వీడియో తీసి పంపమనండి. రెండు నిమిషాల వీడియోలో అన్నీ తెలిసిపోతాయి. తలుపులు టేపుతో కొలవమనండి, తలుపు తెరిచాక మధ్యలో ఖాళీ 32 అంగుళాలకి తగ్గకూడదు, టాయిలెట్ లోపల కుర్చీ తిప్పుకోవడానికి దాదాపు 5 అడుగుల జాగా కావాలి. ర్యాంపయితే ఒక అంగుళం ఎత్తుకి కనీసం పన్నెండు అంగుళాల పొడవుండాలి, అంటే ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే ఎత్తు 18 అంగుళాలు, దానికి 18 అడుగుల ర్యాంపు కావాలి. చెక్క పలక వేసేస్తాం మేడం అంటారు చూడండి, ఆ పలక ఆరడుగులుంటుంది, అంత నిటారుగా ఉన్నదాని మీద కుర్చీ వెనక్కి తిరగబడుతుంది, అలాంటిదానికి ఎప్పుడూ ఒప్పుకోవద్దు.

అసలు స్టేజీ ఎందుకు, నన్నడిగితే అవసరమే లేదు. కిందే, కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేయించి మధ్యలో మీరు. మీరు పైన, వాళ్ళు కింద ఉంటే సభలా ఉంటుంది, అందరూ ఒకే ఎత్తులో ఉంటే మాట్లాడుకున్నట్టుంటుంది. స్టాండ్ మైకు వద్దనండి, అది వంచి మీ మూతి దగ్గర పెట్టేసరికి మొహం కనబడదు, కాలర్‌కి పెట్టుకునే చిన్న మైకు అడగండి. ఇవన్నీ అడగడానికి మొహమాటపడతారని తెలుసు, ఏదో దయతో పిలిచారు మళ్ళీ ఇన్ని కోరికలా అనుకుంటారేమోనని. ఇది వాళ్ళ దయ కాదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 30వ అధికరణం సరిగ్గా దీని గురించే, సాంస్కృతిక కార్యక్రమాల్లో పాల్గొనడం, తమ సృజనని మేధస్సుని పెంచుకోవడం, అది వాళ్ళకోసమే కాదు సమాజం కోసం కూడా అని రాసుంది. వాళ్ళ ముందు చదివి వినిపించమని కాదు, అడిగేటప్పుడు మీ గొంతు తగ్గకుండా ఉండటానికి చెప్తున్నా. ప్రయాణం ఖర్చు కూడా అంతే, అడగండి. మేం మీకు వేదిక ఇస్తున్నాం కదా అని ఎవరైనా అంటే, నేను మీకు ఒక సాయంత్రం ఇస్తున్నాను కదండీ అనండి.

బాత్రూమ్ ప్రశ్న. అది చదివి నాకు ఒళ్ళు మండింది. అలాంటి ప్రశ్నకి మీరు జవాబివ్వాల్సిన పని లేదు, అది నా సొంత విషయమండీ, ఇంకో ప్రశ్న తీసుకుంటా అని మామూలు గొంతుతో చెప్పి వేరేవాళ్ళ వైపు తిరిగిపోవడమే. కాకపోతే ఇక్కడ ఒక చిక్కుంది. ఆ హాల్లోనే ఒక మూల, మీలాగే దెబ్బతిని ఇంట్లో కూర్చున్న మనిషో, అలాంటి బిడ్డ ఉన్న తల్లో కూర్చుని ఉంటారు, వాళ్ళకి నిజంగా ఆ జవాబు కావాలి, దాని కోసమే వచ్చుంటారు, పైకి అడగలేరు. అందుకని ప్రశ్నలు మైకులో కాకుండా చిన్న కాగితాల మీద రాసి ఇమ్మని చెప్పండి, పేరు అక్కర్లేదు. మీరు ఇష్టమైనవి చదివి జవాబివ్వచ్చు, మిగతావి పక్కన పెట్టేయచ్చు, ప్రోగ్రాం అయ్యాక నాతో విడిగా మాట్లాడాలనుకునేవాళ్ళు పది నిమిషాలు ఆగండి అని చెప్పచ్చు.

మీకు కాళ్ళు లేకుండా ప్రయాణాలెందుకండీ అనే రకం ప్రశ్న వస్తే మాత్రం వదలకండి. జేమ్స్ హోల్మన్ అని 1786లో పుట్టిన ఇంగ్లీషు నేవీ ఆఫీసరు, పాతికేళ్ళకే పూర్తిగా చూపు పోయింది, ఆ తర్వాత ప్రపంచమంతా తిరిగి తన ప్రయాణాల మీద పుస్తకాలు రాశాడు. చూపు లేనివాడికి ప్రయాణం ఎందుకని ఆయన్ని ఎప్పుడూ అడిగేవాళ్ళట, దానికి ఆయన, ప్రతి యాత్రికుడూ తను వర్ణించినవన్నీ కళ్ళారా చూసే రాస్తున్నాడా అని ఎదురడిగాడు. దాదాపు రెండు వందల ఏళ్ళ నాటి జవాబు, మీకూ సరిగ్గా సరిపోతుంది.

ఎవరి దగ్గరికి వెళ్తున్నారన్నది కూడా మార్చాలి. సాహిత్య సభలకి వచ్చేవాళ్ళు సభలకే వస్తారు, పుస్తకం కొనడం వాళ్ళలో చాలామందికి అలవాటు లేదు, నేను పన్నెండేళ్ళు చూశాను. మీ అసలు పాఠకులు వేరే చోట ఉన్నారు. మోకాళ్ళు అరిగిపోయి ఇంక మనం ఎక్కడికెళ్తాంలే అని ఊరుకున్న పెద్దవాళ్ళు, రిటైరైనవాళ్ళ సంఘాలు, పక్షవాతం వచ్చిన భర్తని తీసుకుని ఎక్కడికైనా వెళ్ళాలని ఉన్నా ఎలాగో తెలీని భార్యలు, ఫిజియోథెరపీ, ఆర్కిటెక్చర్, టూరిజం చదివే పిల్లలు, ఆసుపత్రుల్లో రీహాబిలిటేషన్ వార్డులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో దాదాపు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు ఏదో ఒక గణనీయమైన వైకల్యంతో ఉన్నారు, వాళ్ళ ఇళ్ళవాళ్ళని కూడా కలుపుకోండి. వీళ్ళకి మీరు స్ఫూర్తి కాదు, దారి తెలిసిన మనిషి.

అలాంటి చోటికి వెళ్ళినప్పుడు ఒక కాగితం పట్టుకెళ్ళండి, ఒకవైపు పనికొచ్చే విషయాలు, హోటల్‌కి ఫోన్ చేసి ఏమేం కొలతలు అడగాలి, విమానంలో సొంత కుర్చీని గేటు దాకా తీసుకెళ్తానని ఎలా చెప్పాలి, బ్యాటరీ కుర్చీ అయితే వోల్టులని ఆంపియర్-అవర్లతో గుణించి వాట్-అవర్లు, అంటే బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో ఎలా తెలుసుకోవాలి, 24 వోల్టులు 10 ఆంపియర్-అవర్లయితే 240 అవుతుంది, కుర్చీలోంచి విడదీసి క్యాబిన్‌లోకి తీసుకెళ్ళే లిథియం బ్యాటరీకి మామూలుగా 300 దాకా ఒప్పుకుంటారు, బయల్దేరేముందు ఎయిర్‌లైన్స్‌తో రాతపూర్వకంగా ఖాయం చేసుకోవాలి, ఇలాంటివి. రెండోవైపు పుస్తకం అట్ట బొమ్మ, ఎక్కడ దొరుకుతుందో. పాంప్లెట్ అయితే బయటికి రాగానే పారేస్తారు, ఇదయితే మడిచి పర్సులో పెట్టుకుంటారు, పక్కింటివాళ్ళకి ఫొటో తీసి పంపుతారు.

అమ్మే టేబుల్ దగ్గర మీరే డబ్బులు తీసుకుని చిల్లర ఇచ్చి సంతకం పెట్టి అన్నీ చేస్తున్నారట, ఇక మీదట ఆ పని చేయొద్దు. అమ్మడానికి ఒక మనిషిని ఇమ్మని పిలిచినవాళ్ళనే అడగండి. మీ పని సంతకం, అంతే. మీ ఎదురుగా ఇంకొక ఖాళీ కుర్చీ వేయించుకోండి, ఇది చాలా ముఖ్యం. సంతకం కావాల్సినవాళ్ళు నిలబడి మీ మీదకి వంగి మాట్లాడుతుంటే ఎవరికైనా చిన్నపిల్లతో మాట్లాడినట్టే మాట వస్తుంది, తల మీద చెయ్యేస్తారు కూడా. అదే ఎదురుగా కూర్చుంటే కళ్ళలోకి చూసి మాట్లాడతారు, ఒకటి రెండు నిమిషాలు ఆగుతారు, తమ ప్రయాణం ఏదో చెప్పుకుంటారు. నేను చూసినంతవరకు పుస్తకం ఆ రెండు నిమిషాల్లోనే అమ్ముడవుతుంది.

మీ అన్నయ్య చెప్పింది సగం కరెక్టే. నెలకి రెండు చోట్ల కంటే ఎక్కువ పెట్టుకోకండి, ప్రోగ్రాం మర్నాడు పూర్తిగా విశ్రాంతి. ఆన్‌లైన్‌లో కూడా పెట్టండి, ఈబుక్ చేయించండి, ఒక్కటే జాగ్రత్త, డీటీపీ వాళ్ళు పాత ఫాంట్లలో చేసిన ఫైల్‌ని అలాగే పీడీఎఫ్ చేసి ఇస్తే చూపు లేని పాఠకుల ఫోన్ దాన్ని పైకి సరిగ్గా చదివి వినిపించలేదు, పిచ్చి అక్షరాలు చదువుతుంది. అన్ని ఫోన్లూ గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాల్లోకి మార్పించి, ఈపబ్ అనే ఈబుక్ ఫైల్ చేయించండి, ఫొటోల కింద అందులో ఏముందో రెండు ముక్కలు రాయండి. మెట్లుంటే ఎలా ఉంటుందో తెలిసిన మీరు వాళ్ళకి మీ పుస్తకంలో మెట్లు కట్టరు కదా.

వచ్చే నెల పై అంతస్తు హాలుకి మాత్రం వెళ్ళొద్దు. మోసుకొస్తామన్న కుర్రాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారు, కానీ మిమ్మల్ని నలుగురు మోసుకుని మెట్లెక్కిస్తుంటే వీడియోలు తీస్తారు, మర్నాటికి అందరూ చూసేది ఆ వీడియోనే, మీరు మాట్లాడింది కాదు. వాళ్ళకి ఈ మెసేజ్ పంపండి, కావాలంటే ఉన్నదున్నట్టు:

నమస్తే సార్, పిలిచినందుకు సంతోషం. నన్ను మోసుకెళ్ళే ఏర్పాటు వద్దండి, నాకు ప్రమాదం, మీ పిల్లలకి కూడా. కింద అంతస్తులో ఏ గదైనా పర్వాలేదు, వరండా అయినా సరే, పాతిక కుర్చీలు పట్టే జాగా, ఒక చిన్న మైకు ఉంటే చాలు. రోడ్డు మీద నుంచి అక్కడిదాకా, అక్కడి నుంచి టాయిలెట్ దాకా ఒక వీడియో తీసి పంపగలరు. పుస్తకాలు అమ్మడానికి మీ తరఫున ఒకరిని కేటాయించండి. నా పరిచయం రాసి పంపుతున్నాను, అదే చదవమని కోరుతున్నాను. ఆ రోజు నేను ఒక రైల్వే స్టేషన్ గురించి, అక్కడ తెల్లవారుజామున ఊడ్చే ఒకావిడ గురించి మాట్లాడతాను.